వీసా అక్కరలేని పరదేశం

విదేశయాత్ర అనగానే నేడు మన ఇళ్లలో కొన్ని పేర్లు వినిపిస్తున్నాయి. ఉమ్రా ముగించుకుని వస్తూ దుబాయిలో నాలుగు రోజులు, పిల్లల సెలవుల్లో మలేషియా, కాస్త స్థోమత ఉంటే టర్కీ. బంధుమిత్రులు కూడబలుక్కుని, ఏడాది ముందు నుంచే డబ్బు కూడబెట్టుకుని మరీ బయలుదేరుతున్నారు. ఇందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. భూమిపై సంచరించి సృష్టి తీరును పరిశీలించాలనీ, గతించిన జాతుల పర్యవసానం నుంచి గుణపాఠం నేర్వాలనీ దివ్య ఖుర్ఆన్ పలు సందర్భాలలో మనల్ని ప్రోత్సహించింది.

ఆ దేశాలకు వెళ్లేటప్పుడు మనం ఎంతో జాగ్రత్త వహిస్తాము. అక్కడి చట్టాలు ఏమిటో ముందుగా వాకబు చేస్తాము. వీధిలో కాగితం పారవేస్తే జరిమానా తప్పదని పిల్లలను హెచ్చరిస్తాము. అనుమతి లేనిదే అపరిచితుల ఫొటోలు తీయరాదని ఒకరికొకరు చెప్పుకుంటాము. పరాయి నేల మీద అతిథులమన్న స్పృహ విమానం ఎక్కకముందే మనలో మేల్కొంటుంది. మరి అదే కుటుంబం, అవే బంధుమిత్రులతో కలిసి అరకులోయకు బయలుదేరినప్పుడు ఆ స్పృహ ఏమవుతోంది? ఈ నెల మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న ఇదే.

విశాఖపట్నం నుంచి అరకు నూట పదిహేను కిలోమీటర్ల దూరం ఉంటుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని సముద్రతీరానికి చేర్చడానికి 1960వ దశకంలో వేసిన కొత్తవలస-కిరండోల్ రైలుమార్గం సొరంగాల గుండా, లోయల అంచుల మీదుగా కొండలెక్కుతుంది. సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను చాలాకాలం దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరుపొందింది. 2017లో అద్దాల బోగీ వచ్చినప్పటి నుంచి ఈ రైలుప్రయాణమే ఒక వేడుకగా మారింది.

అయితే ఆ రైలు దిగిన చోట మనకు తెలిసిన ఆంధ్రదేశం ముగిసి, మరో లోకం మొదలవుతుంది. అక్కడ కొండదొరలు, బగతలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు, ఖోందులు తరతరాలుగా నివసిస్తున్నారు. కువి, పోర్జా, గదబ భాషలు ఇళ్లలో వినిపిస్తాయి. వేర్వేరు తెగలవారు సంతలో కలిసినప్పుడు ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకోవడం సాధారణం. పాలన కూడా ఒకప్పుడు వేరుగానే సాగింది. 1839లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాం, విశాఖ జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా నియమించి అతని చేతిలో పెట్టింది. నేటికీ మనం వాడుతున్న 'ఏజెన్సీ' అనే మాట అలా వచ్చిందే. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం అయిదవ షెడ్యూలు ద్వారా ఈ ప్రాంతానికి ప్రత్యేక రక్షణ కల్పించింది. భాష వేరు, ఆచారం వేరు, భూమి చట్టం వేరు. పాస్‌పోర్టు అడగరన్న మాటే గానీ, మర్యాద విషయంలో మనకు అది పరదేశమే.

ఈ సంగతిని గ్రహించిన తెలుగువారు లేకపోలేదు. వ్యావహారిక భాషోద్యమ సారథి గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ, ఇవే తూర్పు కనుమలలో నివసించే సవరల భాషను పట్టుదలతో నేర్చుకున్నారు. సవరల పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించేందుకు పాటుపడ్డారు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. కొండ మీది మనిషిని చూడటానికి కాదు, వినడానికి వెళ్లిన యాత్రికుడాయన. మానవులను వివిధ జాతులుగా, తెగలుగా చేయడంలోని పరమార్థం పరస్పర పరిచయమేనని హుజురాత్ సూరా మనకు బోధిస్తోంది. ఒకరినొకరు ఎరుగడం అంటే ఒకరినొకరు తిలకించడం కాదు కదా!

ఇక్కడొక సున్నితమైన విషయాన్ని ప్రస్తావించక తప్పదు. అరకు పరిసరాలలో ముక్కుకు నగలు, మెడలో కడియాలు ధరించిన వృద్ధురాలు దారిన పోతుంటే చాలు, పర్యాటకుల ఫోన్లు పైకి లేస్తాయి. ఆమె ముఖం తిప్పుకున్నా వదలరు. చేతిలో పది రూపాయల నోటు పెట్టి నిలబెట్టేవారూ ఉన్నారు. ఊరి పండుగకూ, పెళ్లికీ చేయీ చేయీ పట్టుకుని ఆడుకునే థింసాను తమ వినోదం కోసం అప్పటికప్పుడు ఆడి చూపమని, ఆడుతుంటే నడుమ దూరి గంతులు వేసేవారూ ఉన్నారు. ఆ చూపు ఎలా ఉంటుందో బురఖా ధరించే మన ఆడపడుచులకు ఎవరూ వివరించనక్కరలేదు. బస్సులో, రైలులో, విహారస్థలంలో తమను ఒక వింతవస్తువును చూసినట్టు చూసిన కళ్లు వారికి గుర్తే. చాటుగా తీసిన ఫొటో కలిగించే బాధ వారికి తెలుసు. తెలిసిన బాధను మరొకరికి కలిగించడం విశ్వాసికి తగదు. చూపులను అదుపులో ఉంచుకోవాలన్న ఆదేశం కొండ ఎక్కగానే సడలిపోదు. ఒక జాతి మరో జాతిని ఎగతాళి చేయరాదన్న ఆజ్ఞ కూడా అదే హుజురాత్ సూరాలో ఉంది.

అతిథిని గౌరవించడం మన ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన ధర్మం. అతిథికీ బాధ్యతలున్నాయన్న సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోము. ఆతిథ్యం మూడు రోజులని చెప్పిన దైవప్రవక్త ముహమ్మద్ (స), ఇంటివారికి ఇబ్బంది కలిగేంతవరకు అతిథి తిష్ఠవేయడం ధర్మసమ్మతం కాదని కూడా బోధించారు. ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొంది, సలాము చేసిన మీదటనే ప్రవేశించాలని నూర్ సూరా ఆదేశిస్తోంది. గిరిజన గూడెంలో ప్రహరీ గోడలు ఉండకపోవచ్చు. అంతమాత్రాన అలికి ముగ్గేసిన వాకిలి అందరి సొత్తు అయిపోదు. చలికాలంలో పసుపుపచ్చగా విరబూసే వలిసె చేలు ఫొటోల కోసం దేవుడు పరిచిన తివాచీలు కావు. అవి గింజల కోసం రైతు వేసుకున్న నూనెపంట. అందులోకి దిగి తొక్కిన ప్రతి మొక్కా ఒకరి కష్టార్జితమే. అలాగే బొర్రా గుహలలో భక్తులు కొలిచే రాయి దగ్గరగానీ, గూడెం దేవత నెలకొన్న చెట్టు దగ్గరగానీ హేళనగా మాట్లాడటం మన ధర్మం కాదు. ఇతరులు ఆరాధించే వాటిని దూషించవద్దని అల్లాహ్ స్వయంగా వారించాడు.

సంతలో బేరమాడటం దోషం కాదు. కానీ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2017లోనే పారిస్ నగరంలో ఆ పేరుతో దుకాణం వెలసింది. అంతటి పంట పండించే చేతుల నుంచి పసుపో, మిరియాలో, కాఫీ గింజలో కొనేటప్పుడు పది రూపాయల కోసం పావుగంట వాదించడం ఏపాటి న్యాయం? విదేశాలలోని పెద్ద దుకాణాల్లో ధర చీటీ చూసి నోరెత్తని మనం, నెత్తిన గంప పెట్టుకుని మైళ్ల కొద్దీ నడిచి వచ్చిన తల్లి ముందు మాత్రం గడుసుదనం చూపిస్తాము.

మరొక హెచ్చరిక. విహారం ముగిసేనాటికి మిత్రబృందంలో ఎవరో ఒకరు, ఇక్కడ కాస్త స్థలం కొని పడేస్తే బాగుండునని అనడం పరిపాటి. 1970 నాటి సవరణతో బలపడి, జనవ్యవహారంలో '1/70'గా పేరుపడిన నిబంధన ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులు కొనడం చెల్లదు. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజులపై నడిచిన సమతా కేసులో సుప్రీంకోర్టు 1997లో ఈ రక్షణను మరింత గట్టిపరిచింది. గిరిజనుడి పేరుతో బినామీగా స్థలం తీసుకోవడం చట్టాన్ని మోసగించడమే గాక, ఒకరి సొత్తును అక్రమంగా కాజేయడం కూడా. అన్యాయంగా ఆక్రమించిన జానెడు నేల ప్రళయదినాన ఏడు భూముల భారమై మెడకు చుట్టుకుంటుందని ప్రవక్త (స) హెచ్చరించారు. అటువంటి స్థలంలో కట్టిన విడిదిలో చేసే సజ్దాకు శుభం ఎక్కడిది?

ఇక ప్రయాణ మర్యాదలు. ముగ్గురు కలిసి బయలుదేరినా ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది ప్రవక్త (స) బోధ. నాలుగు కుటుంబాలు కలిసినప్పుడు ఇది మరీ అవసరం. చాలా తగవులు దీనితోనే తప్పిపోతాయి. విశాఖ వాసులకు అరకు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం గనుక, హనఫీ ఫిఖహ్ ప్రకారం ఊరు దాటినప్పటి నుంచి వారు ముసాఫిర్లు. జుహ్ర్, అస్ర్, ఇషాలలో ఫర్జ్ రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక చదివితే మాత్రం పూర్తిగా చదవాలి. బొంగులో చికెన్ ఘుమఘుమలాడుతుంది నిజమే, కానీ కోసినదెవరో, ఎలా కోశారో అడిగి తెలుసుకోవాలి. సంతృప్తి కలగకపోతే మొక్కజొన్న పొత్తులతో సరిపెట్టుకోవాలే గానీ, అమ్మేవారి ముందు ముఖం చిట్లించరాదు. మనం తెచ్చిన సీసాలు, సంచులు, విస్తళ్లు మనతోనే తిరిగి రావాలి. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమైనప్పుడు, దారిలో దాన్ని పడేసి పోవడం ఏమవుతుందో వేరే చెప్పాలా?

కహఫ్ సూరాలో ఒక ప్రయాణ వృత్తాంతం ఉంది. హజ్రత్ మూసా (అ), హజ్రత్ ఖిజ్ర్ (అ) ఒక ఊరు చేరి అన్నం అడుగుతారు. ఊరివారు నిరాకరిస్తారు. అయినా ఆ ఊళ్లో కూలిపోనున్న గోడ కనబడగానే ఖిజ్ర్ (అ) దాన్ని నిలబెడతారు. కూలి కూడా పుచ్చుకోరు. ఆ గోడ కింద ఇద్దరు అనాథ బాలల నిధి ఉందని తరువాత తెలుస్తుంది. పిడికెడు అన్నం పెట్టని ఊరికే ఆ ప్రయాణికులు అంత మేలు చేశారు. వేడివేడి కాఫీ ఇచ్చి, చలిమంట దగ్గర చోటిచ్చి, చిరునవ్వుతో దారి చూపే ఊరికి మనం ఏమి చేసి వస్తున్నాము? ఈ సెలవులకు సామాను సర్దుకునే ముందు, ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకోవాలని మా మనవి. అల్లాహ్ మన ప్రయాణాలను శుభప్రదం చేయుగాక, మనం అడుగుపెట్టిన నేలకు మనల్ని భారం కానీయకుండుగాక. ఆమీన్.