పాత స్కూటరు - బీమా బేరం

మన పల్లెల్లో పాత స్కూటరు ఇంకా రిటైరు కాలేదు. తెల్లవారుజామున రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీసుకుని పాల కేంద్రానికి పోయేది అదే. సంత రోజున కూరగాయల మూటలు మోసేది అదే. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి మధ్య కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తేదీ అదే. పట్నాల్లో ఇటువంటి బండికి రంగులు వేయించి, క్లాసిక్ అని పేరు పెట్టి, పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. మన దగ్గర అది ముచ్చట కాదు, బ్రతుకుతెరువు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్, ఆ తరువాత వచ్చిన ఎల్.ఎం.ఎల్. వెస్పా, లక్నోలో తయారైన విజయ్ సూపర్, మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ - వీటి కోసం ఒకప్పుడు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవారున్నారు. ఆనాడు తండ్రులు కొన్న బండ్లను ఈనాడు కొడుకులు నడుపుకుంటున్నారు.

ఈ పాత బండి మీద ఏటేటా పడుతున్న ఒక బరువును గురించి చెప్పుకోవలసిన అవసరం ఉంది. అదే ఇన్సూరెన్సు. చట్టం అడిగే సొమ్ము నిజానికి ఎక్కువ కాదు. దాని చుట్టూ చేరే వసూళ్ళే బరువు. అంతకంటే విచారకరమైన విషయం మరొకటి ఉంది. డబ్బు పుచ్చుకుని ఇచ్చిన కాగితంలో ఏముందో, ఏం లేదో కట్టినవాడికి తెలియకపోవడం.

మా మండలంలో ఒక పాల వ్యాపారి సంగతి చూడండి. ఆయన దగ్గర ముప్పై ఏళ్ళనాటి చేతక్ ఉంది. రవాణా శాఖ ఆఫీసు బయట చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్న ఒక బ్రోకరుకు 1,500 రూపాయలు ఇచ్చి ఇన్సూరెన్సు చేయించుకున్నాడు. కాగితం మడిచి సీటు కింద పెట్టుకున్నాడు. ఒకరోజు టీ కొట్టు దగ్గర నా చేతికిచ్చి, "తమ్ముడూ, ఇది ఎప్పటిదాకా పనిచేస్తుందో చూసిపెట్టు" అన్నాడు. తేదీ చూడబోతే అంకెలు కనిపించాయి. ప్రీమియం 714 రూపాయలు. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. 128 రూపాయల 52 పైసలు. మొత్తం 843 రూపాయలు. మిగిలిన 657 రూపాయలకు రసీదు లేదు. అది పోయిందే అనుకుందాం. కింద చిన్న అక్షరాల్లో ఇంకొక మాట ఉంది. యజమానికి వేరేచోట ప్రమాద బీమా ఉన్నందున ఈ పాలసీలో అది ఇవ్వలేదని. ఆ మాట చదివి వినిపిస్తే ఆయన తెల్లబోయాడు. "నాకెక్కడుంది? నేనెప్పుడు చెప్పాను?" అన్నాడు. ఆయన చెప్పలేదు. బ్రోకరే ఆయన తరఫున చెప్పేశాడు.

ఈ ఒక్క కాగితంలోనే అసలు కథంతా ఉంది. విడివిడిగా చూద్దాం.

మొదటిది థర్డు పార్టీ బీమా. మన బండి తగిలి ఇతరులు చనిపోయినా, గాయపడినా నష్టపరిహారం చెల్లించేది ఇదే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కరాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ఇది లేకుండా మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మళ్ళీ పట్టుబడితే జరిమానా 4,000. దీని ధరను నిర్ణయించేది కంపెనీ కాదు, బ్రోకరు అసలే కాదు. కేంద్ర ప్రభుత్వమే రేటు ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలు చేసిన పట్టీలో 75 సి.సి. దాటి 150 సి.సి. లోపు బండికి 714 రూపాయలు, 150 దాటి 350 లోపు బండికి 1,366 రూపాయలు. ప్రభుత్వం మళ్ళీ మార్చితే కొత్త పట్టీ చూసుకోవాలి. చేతక్ ఇంజను 145 సి.సి. పైచిలుకు మాత్రమే. అంటే అది చిన్న తరగతి బండి. పాత మోడలు పేరు కంప్యూటరు జాబితాలో దొరకలేదని ఏదో ఒక పెద్ద బండి పేరు నొక్కితే, పన్నుతో కలిపి 769 రూపాయలు అదనంగా పడుతుంది. పైగా కాగితంలో బండి ఒకటి, చేతిలో బండి ఇంకొకటి అయి కూర్చుంటుంది. కనుక ఆర్.సి. పుస్తకంలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, సి.సి. అంకె పాలసీ మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో అక్కడికక్కడే సరిచూసుకోవాలి.

రెండవది యజమాని ప్రమాద బీమా. బండి నడుపుతూ యజమాని మరణిస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలు వచ్చే ఏర్పాటు ఇది. అంతకు ముందు స్కూటరు యజమానికి లక్ష రూపాయలే ఉండేది. 2018లో దానిని 15 లక్షలకు పెంచి, ఏడాదికి 750 రూపాయల ప్రీమియం పెట్టారు. 2019 నుంచి దీనిని విడిగా కూడా తీసుకోవచ్చునన్నారు. ధర ఇప్పుడు కంపెనీని బట్టి మారుతుంది. వేరేచోట 15 లక్షల ప్రమాద బీమా ఉన్నవారికి, మరొక బండి మీద ఇదే బీమా ఇదివరకే తీసుకున్నవారికి మళ్ళీ అవసరం లేదు. ఈ మినహాయింపునే కొందరు బ్రోకర్లు వాడుకుంటున్నారు. "అన్నా, నీకు తక్కువలో చేయించాను" అని చెప్పి, ఉన్నదని అబద్ధపు గుర్తు పెట్టేస్తున్నారు. కొన్ని వందల రూపాయలు మిగిల్చినట్లు కనిపించి, ఆ ఇంటి ఆడవాళ్ళకు, పిల్లలకు రావలసిన 15 లక్షలకు గండి కొడుతున్నారు. ఇది చిన్న మోసం కాదు. అయితే యజమానికి డ్రైవింగ్ లైసెన్సు లేకపోతే ఈ బీమా వర్తించదని కూడా తెలుసుకోవాలి.

మూడవది చాలామందికి బొత్తిగా తెలియని సంగతి. థర్డు పార్టీ బీమా ఒక్కటే ఉంటే, వెనుక సీటు మీద కూర్చున్న మనిషికి కంపెనీ బాధ్యత వహించనక్కరలేదు. సుప్రీంకోర్టు 2006లో ఒక కేసులో ఈ మాట స్పష్టం చేసింది. మన పల్లెల్లో వెనుక సీటు ఖాళీగా ఉండే స్కూటరు ఎక్కడుంది? భార్య, తల్లి, కూలికి పోయే పక్కింటి మనిషి ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు. వెనుక కూర్చునేవారికి ప్రమాద బీమా కావాలంటే విడిగా అడిగి జోడించుకోవాలి. అడగనిదే ఎవరూ చెప్పరు.

ఇక బండికి జరిగే నష్టానికి, దొంగతనానికి కూడా వర్తించే పూర్తి బీమా ఉంది. వెనుక కూర్చున్నవారు కూడా దీని కిందికి వస్తారు. కాని అయిదేళ్ళు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. పాత స్కూటరుకు వేలల్లోనే విలువ కడతారు. క్లెయిము వేళ రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ భాగాలకు సగం కోస్తారు. పదేళ్ళు దాటిన బండి ఇనుప భాగాలకూ సగమే. ఆ పైన 100 రూపాయలు తప్పనిసరిగా తగ్గిస్తారు. ఇవన్నీ లెక్క వేసుకున్న తరువాతనే దానికి డబ్బు పెట్టాలి.

మరొక చోట కూడా చెయ్యి కాలుతోంది. ఆర్.సి. గడువు పదిహేనేళ్ళు తీరాక అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ద్విచక్ర వాహనానికి ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 300 నుండి 1,000 రూపాయలకు పెంచారు. ఇరవై ఏళ్ళు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో 2,000 చేశారు. హరిత పన్ను, పొల్యూషన్ సర్టిఫికెట్టు వేరు. బ్రోకర్లు వీటన్నింటినీ ఇన్సూరెన్సుతో కలిపి "మొత్తం ఇంత" అని ఒక్క అంకె చెబుతారు. ఆ ఒక్క అంకెలోనే కనిపించని రుసుములన్నీ దాక్కుంటాయి. దేనికెంత అని విడదీసి అడిగిన నాడు సగం బేరం అక్కడే తేలిపోతుంది. ఏజెంటు కమీషను కంపెనీయే ఇస్తుంది. పాలసీ మీద అచ్చయిన మొత్తం కంటే పైన అడిగితే, అది ఎందుకో రసీదు మీద రాయించుకోవాలి.

యాభై ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజి హోదా ఇస్తూ 2021లో కేంద్రం నిబంధనలు చేసింది. ఆ మాట చెప్పి ఆశ పెట్టేవారున్నారు. కొత్తగా ఆ రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు కట్టాలి. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ పనికి వాడరాదు. 2022 పట్టీలో సగం రాయితీ ఇచ్చింది వింటేజి కార్లకే. పాల క్యాన్లు మోసే స్కూటరుకు ఈ హోదాతో ఒరిగేదేమీ లేదు.

వీటన్నింటికంటే ప్రమాదకరమైనవి రెండున్నాయి. ఒకటి దొంగ పాలసీ. కంప్యూటరులో పేరు, తేదీ మార్చి అచ్చు వేసి ఇచ్చే కాగితాలు తిరుగుతున్నాయి. యాక్సిడెంటు జరిగాక అది చెల్లదని తేలితే, ట్రిబ్యునల్ వేసే పరిహారం యజమాని నెత్తిన పడుతుంది. అర ఎకరమో ఎకరమో ఉన్న రైతు దానినే అమ్ముకోవలసి వస్తుంది. రెండవది పేరు మార్చుకోకపోవడం. బండి చేతులు మారినా ఆర్.సి. పాత యజమాని పేరునే ఉంటోంది. ఆర్.సి.లో పేరున్నవాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. అమ్మినవాడు ఇరుక్కుంటాడు. కొన్నవాడికి తన పేర ప్రమాద బీమా ఉండదు. బండి కొన్న 14 రోజులలోపు బీమా కంపెనీకి కూడా తెలియజేసి పేరు మార్పించుకోవాలని చట్టం చెబుతున్నది.

కొందరు పెద్దలు "చదువుకోని రైతు ఇవన్నీ ఎక్కడ చూస్తాడు?" అంటారు. నిజమే. అందుకే బాధ్యత అధికారుల మీద కూడా ఉంది. జిల్లాలోని ప్రతి రవాణా శాఖ కార్యాలయం ముందు థర్డు పార్టీ రేట్లు, ఆర్.సి. రుసుములు తెలుగులో, పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించాలి. ఇందుకు అయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు మాత్రమే. బీమా కంపెనీలవారు పాలసీ సారాంశాన్ని ఒక పేజీలో తెలుగులో ఇవ్వాలి. రోడ్డు మీద బండ్లు ఆపి కాగితాలు అడిగే పోలీసువారు ఆ కాగితం అసలుదో, నకిలీదో కూడా అప్పుడే చూసి యజమానికి చెబితే ఎన్నో కుటుంబాలకు మేలు చేసినవారవుతారు.

పాఠకులు కూడా ఒక పని చేయాలి. పాలసీ చేతికి రాగానే ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. ఎం పరివాహన్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్సు తేదీ చూడమనండి. పాతకాలపు నంబరు అందులో కనబడకపోతే కంపెనీ బ్రాంచికి వెళ్ళి పాలసీ నంబరు చూపించండి. మోసం జరిగిందనుకుంటే బీమా నియంత్రణ సంస్థవారి ఉచిత ఫోను నంబరు 155255కు చెప్పుకోవచ్చు. క్లెయిము తగాదాలకు హైదరాబాదులో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడ ఫీజు లేదు, ప్లీడరూ అక్కరలేదు.

మా పాల వ్యాపారి ఆ మరునాడే కంపెనీ బ్రాంచికి వెళ్ళి యజమాని ప్రమాద బీమా విడిగా కట్టి వచ్చాడు. బ్రోకరు పుచ్చుకున్న 657 రూపాయలు మాత్రం తిరిగి రాలేదు. ఎరువు బస్తా కొనేటప్పుడు తూకం చూసుకునే రైతు, బీమా కొనేటప్పుడు కాగితం చూసుకోకపోతే ఎలా? సీటు కింద మడిచి పెట్టిన ఆ కాగితాన్ని ఈ రోజే ఒక్కసారి బయటికి తీయవలసిందిగా కోరుతున్నాం.