కాగితాలు పెట్టిన మేజరుగారు

మొన్న ఉగాది విందులో అందరి నోటా ఒకటే మాట. ఫలానావారి అబ్బాయి మేజరు హోదాలో వుండి, పదేళ్ళు నిండగానే సైన్యం వదలి వచ్చేశాడట! "రాజాలాంటి ఉద్యోగం, వదులుకుంటారా ఎవరైనా?" అన్నారు పెద్దలు. మేమూ అట్లాగే అనుకున్నాము. అతనితో ఒక పూట కూర్చున్న తరువాత మా అభిప్రాయం మారింది.

అతడు పరంగిమలైలో తర్ఫీదు పొందినవాడు. చైనా యుద్ధం దరిమిలా 1963లో, అధికార్ల కొరత తీర్చడానికి వెలసిన పాఠశాల అది. అక్కడినుంచి వెళ్ళే షార్టు సర్వీసు వారికి పదేళ్ళు, పొడిగిస్తే మరి నాలుగు. పింఛనుకేమో ఇరవై యేళ్ళు నిండాలి. శాశ్వత కమిషను అడగవచ్చును గాని అందరికీ దొరకదు. దొరకక పద్నాలుగేళ్ళూ వుంటే, ముప్ఫై యెనిమిదో యేట పింఛను లేకుండా, కొత్తగా ఉద్యోగం వెదుక్కోవాలి. ఆ వెదుకులాటేదో ముప్ఫై నాలుగులోనే నయమని అతని లెక్క. తప్పని మేమనలేము.

ఆడపిల్లలకయితే ఆ శాశ్వత కమిషను మాట సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చింది. వారు 1992లో అయిదేళ్ళ గడువుతో ప్రవేశించారు. తీర్పు 2020 ఫిబ్రవరి 17న వచ్చింది.

జీతం చాలలేదా అని అడిగాము. అది కొరత కాదన్నాడు. మూలవేతనం గాక నెలకు 15,500 రూపాయల మిలిటరీ సర్వీసు పే కూడా వచ్చేది. కష్టమంతా సంసారంతోనే. సరిహద్దున ఫీల్డు పోస్టింగయితే భార్యాబిడ్డలు వెంట వుండరాదు. కూతురికి రెండో తరగతికే అది మూడో బడి. ఊళ్ళు మారే ఉద్యోగుల పిల్లలకోసమే 1963లో కేంద్రీయ విద్యాలయాలు పెట్టారు. ఎక్కడికి వెళ్ళినా పాఠాలు అవే. స్నేహితురాళ్ళు మాత్రం వారే కారు గదా!

పైగా లెఫ్టినెంటు కర్నలు దాకా పదమూడేళ్ళకు వరుసను ప్రమోషను వస్తుంది. ఆపైన కర్నలు కావడానికి ఎంపికలో నెగ్గాలి, ఖాళీలు బహు కొద్ది.

"మరి విచారం లేదా?" అన్నాము. కొంతసేపు మాట్లాడలేదు. తన జవాన్ల పేర్లు మాత్రం ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు, వారి ఊళ్ళతో సహా.

అతనికింకా ఉద్యోగం కుదరలేదు. మన సభ్యులలో కార్ఖానాలు, కంపెనీలు నడిపేవారున్నారు. నూరుమందిని నడిపించిన మనిషికి పని చూపగలవారు కార్యదర్శిగారికి కబురు చేయవలెనని కోరుతున్నాము.