ఇద్దరి పేర్లు, ఒకరి సంతకం

కాగితంలో పేరుంటే స్త్రీకి ఇల్లు భద్రమని నమ్ముతాం. ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వాలు అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్లలో ఆ నమ్మకం నిలవదు. వారంవారం, నెలనెలా సాగే ఉమ్మడి అద్దె ఒప్పందాన్ని ఇద్దరిలో ఏ ఒక్కరు నోటీసిచ్చినా రద్దు చేయవచ్చని 1991లో మాంక్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది. రెండోవారి అంగీకారం అక్కర్లేదు. అంటే, భార్యను కొట్టి వెళ్ళిపోయినవాడు కూడా నాలుగు వారాల నోటీసుతో ఆమె హక్కును తుడిచేయగలడు! ఆపైన ఆమె, పిల్లలు అక్కడ ఉండటం కౌన్సిల్ దయ.

ఒప్పందాన్ని తన ఒక్కదాని పేరుకు మార్చమని 1996 కుటుంబ చట్టం కింద ఆమె కోర్టును కోరవచ్చు. కానీ నోటీసు గడువు తీరితే మార్చడానికి ఒప్పందమే మిగలదు. జీవితకాల ఒప్పందమున్న బాధితురాలికి హింస కారణంగా కౌన్సిల్ కొత్త ఒప్పందమిస్తే అదీ జీవితకాలానిదే కావాలని 2021 గృహహింస చట్టం చెప్పింది. ఇచ్చి తీరాలని మాత్రం చెప్పలేదు.

హింస నుంచి పారిపోయిన స్త్రీకి ఈ నియమమే అద్దె భారం తప్పిస్తుందని కొందరంటారు. నిజమే. అయితే ఒకరు తప్పుకోవడానికి ఇంకొకరి ఇల్లు పోవాలా? 2022 డిసెంబరు నుంచి వేల్స్‌లో ఒకరు వైదొలిగినా మిగిలినవారికి ఒప్పందం కొనసాగుతోంది. ఇంగ్లండ్‌కు అడ్డేమిటి?

ఇక్కడ ఉమ్మడి పట్టాలడిగే మనం కూడా పేరుతో ఆగకూడదు. ఆమె అంగీకారం లేకుండా ఆ పేరును ఎవరూ రద్దు చేయలేని నిబంధననూ అడగాలి.