బొగ్గు తొవ్వ వేరు, మన తొవ్వ వేరు

పెద్దపల్లి నుంచి నిజామాబాద్ దాకా పట్టాల మీద ఇప్పుడు కరెంటు తీగెలున్నయ్. మంచిదే. గని ఆ తీగెల కిందికెల్లి జనాన్ని ఎక్కించుకునే రైళ్లు ఎన్ని పోతున్నయో కరీంనగర్ స్టేషన్ల ఒక్క పూట కూసుంటే ఎవలకైనా ఎరుకైతది.

దేశంల మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిల నడిచింది. మన దిక్కు కాజీపేట–బల్లార్షా లైను 1929ల పూర్తయింది. ఢిల్లీని మద్రాసుతోని కలిపే ఆ తొవ్వ మీదనే పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి ఉన్నయ్. సింగరేణి బొగ్గు దాని మీదనే దేశమంత తిరిగింది. 1983ల రామగుండం ఎన్టీపీసీ మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది. ఇప్పుడు దాని సామర్థ్యం 2,600 మెగావాట్లు.

అంటే బొగ్గు మనది, కరెంటు పుట్టేది మన గడ్డ మీద. పెద్దపల్లికి కూతవేటు దూరంల ఉన్న కరీంనగర్‌కు మాత్రం పట్టాలే లేకుండె. మన జిల్లా బిడ్డ పీవీ ప్రధాని అయినంక 1993ల లైనుకు పునాది పడ్డది. జగిత్యాల మీదుగ నిజామాబాద్ దాకా రైలు నడిచింది 2017 మార్చిల. ఇరవై నాలుగేండ్లు! అదీ డీజిల్ బండి. పునాదినాడు పుట్టిన పిలగాడు చదువైపోయి, నౌకరి కోసం బస్సెక్కి పట్నం వోయిండు.

ఆదిలాబాద్ సంగతి ఇంకా ఇచ్చంత్రం. అక్కడ ఎక్కినోడు హైదరాబాద్ పోవాల్నంటే ముందుగాల మహారాష్ట్రల జొరవడి, కిన్వట్, ముద్ఖేడ్ తిరిగి, బాసర కాడ మళ్ల తెలంగాణల అడుగుపెట్టాలె. నడుమ నిర్మల్ జిల్లా కేంద్రానికి రైలే లేదు. ఆదిలాబాద్–ఆర్మూర్ లైను అడుగుడు ఇయ్యాల్టిది గాదు, ఎలక్షన్లు వచ్చినప్పుడల్ల మాత్రం అందరికి యాదికొస్తది.

కొత్త లైను అంటే రైల్వేవోళ్లు పెట్టిన పైసలకు ఎంతొస్తదని లెక్క చూస్తరు. బొగ్గు వ్యాగన్ ఆ లెక్కల గెలుస్తది, ఆస్పత్రికి పోయే ముసలవ్వ గెలవది. తీగెలు పడితే డీజిల్ ఖర్చు మిగులుతది, నిజమే. అయితే ఒంటి లైను మీద ఎదురుబండి కోసం ఆగుడు తప్పది గదా.

కొత్తపల్లి–మనోహరాబాద్ లైనుకు 2016ల పునాది ఏసిండ్రు, 2023 అక్టోబర్‌ల రైలు సిద్దిపేట దాకా వచ్చింది. మిగిలిన సిరిసిల్ల తొవ్వ ఎన్నటికైతదో తారీఖు చెప్పుండ్రి. పెద్దపల్లి–నిజామాబాద్‌కు రెండో లైను ఎయ్యుండ్రి. పొద్దుగాల కాలేజీకి, పొద్దూకి ఇంటికి అందే టైముల మెము రైళ్లు పెంచుండ్రి.