ఆడుకుంటున్నాడు కదా అంటే సరిపోదు

"జ్వరం లేదు, దగ్గు లేదు, చక్కగా ఆడుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికెందుకు?" చదువుకున్న ఇళ్లలోనూ వినిపించే మాటే ఇది. పెద్దల విషయంలో కొంత చెల్లుతుందేమో కానీ, పసిపిల్లల విషయంలో ఈ మాట చాలా ప్రమాదకరం.

చూపు తగ్గితే మనకు తెలుస్తుంది, నిన్న బాగా కనిపించింది కనుక. పుట్టినప్పటి నుంచీ ఒక కన్ను మసకైన బిడ్డకు పోల్చుకోవడానికి ఏముంది? రెండో కంటితో పరుగులు తీస్తాడు, బొమ్మలు గీస్తాడు. బడి ఈడు దాటాక బయటపడితే ఆ కంటికి పూర్తి చూపు తేవడం కష్టం. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న శిశువు తొలి రోజుల్లో మామూలుగానే కనిపిస్తుంది. రెండు వారాల్లోపు మందు మొదలుపెడితేనే మెదడు ఎదుగుదలకు పూర్తి రక్షణ. వినికిడి లోపాన్ని మూడు నెలల్లోపు నిర్ధారించాలి, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలి. మనమేమో "వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యమే" అంటూ మూడేళ్లు గడిపేస్తాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. వాళ్లలో ఎక్కువమంది ఆడుకుంటూనే ఉంటారు.

"టీకాలన్నీ వేయిస్తున్నాం కదా" అనేవారికి ఒక మాట. టీకా రాబోయే జబ్బును ఆపుతుంది, ఉన్న లోపాన్ని పట్టివ్వదు. పైగా ప్రభుత్వ టీకాల పట్టికలో రెండేళ్లు నిండాక మళ్లీ ఐదేళ్లకే సూది. మాట, నడక, చూపు కుదురుకునే ఆ మూడేళ్లూ టీకా పేరుతో బిడ్డను ఎవరికైనా చూపించే సందర్భమే ఉండదు.

"ఊరికే వెళ్తే టెస్టులు రాసి డబ్బు గుంజుతారు" అన్న భయం పూర్తిగా అబద్ధం కాదు. అయితే ఎదుగుదల చూడటానికి స్కానింగులు అక్కర్లేదు. తూకం, కొలిచే టేపు, ఎదుగుదల చార్టు, ఓపికగా గమనించే డాక్టరు చాలు. అంగన్‌వాడీలో తూకం ఉచితం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పరీక్షిస్తాయి. ఆ రోజు పిల్లల్ని ఇంట్లో ఉంచేయకండి.

జబ్బు చేసేదాకా ఆగుదామంటే, రోగం కనిపెట్టే బాధ్యతను మాటలు రాని బిడ్డ మీద వేసినట్టే. ఆ బాధ్యత పెద్దలది. ఈసారి టీకాకు వెళ్లినప్పుడు బరువు, పొడవు, తల చుట్టుకొలత కార్డులో రాయించండి. ఎదుగుదల చార్టులో గీత కిందికి వంగితే డాక్టరు కారణం చెప్పేదాకా అడగండి.