ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి

బల్ల మీద పెట్టిన ఫోన్ బొంగరంలా తిరుగుతోందా? తెర ఒక అంచున లేచి, లోపలి వెలుతురు సన్నగా కనిపిస్తోందా? బ్యాటరీ ఉబ్బిందన్నమాట. చాలామంది వేలితో నొక్కి, పైన రబ్బరు కవరు బిగించి ఊరుకుంటారు. అది తెలిసి తెచ్చుకునే ప్రమాదం.

లిథియం అయాన్ బ్యాటరీ పాతబడినా, బాగా వేడెక్కినా, మితిమీరి చార్జ్ అయినా లోపలి ద్రావణం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. పలచని సంచి పూరీలా పొంగుతుంది. సూదితో గుచ్చి గాలి తీస్తే సరిపోతుందనుకునే ప్రబుద్ధులూ లేకపోలేదు! గుచ్చితే పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ సర్క్యూటై, క్షణాల్లో మంట లేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టినా పొంగు తగ్గదు. 2016లో బ్యాటరీ లోపాలతో నిప్పంటుకుంటున్నందుకే శామ్‌సంగ్ తన గెలాక్సీ నోట్ 7ను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాలకు కొన్న ట్యాబ్లెట్లు బీరువాల్లో బట్టల మధ్య పడి ఉన్నాయి. ఒకసారి తీసి చూడండి. ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టొద్దు. ఆపేసి, బట్టలకు, పిల్లలకు దూరంగా గచ్చు మీద ఉంచి, సర్వీసు కేంద్రానికి చెప్పండి.

పాత బ్యాటరీల సేకరణ బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారులపైనే పెట్టాయి. ఫోన్లు అమ్మే ప్రతి దుకాణంలోనూ అందుకో డబ్బా కనిపించాలి. పురపాలక సంఘాలు ఆ పని చేయించాలి. అందాకా ఉబ్బిన బ్యాటరీని చెత్తబండిలో మాత్రం వేయకండి.