ఆగడమూ పనే!

డిసెంబరు వచ్చిందంటే జర్మనీలో ఆరుబయట నిర్మాణ పనులు మందగిస్తాయి. నేల గడ్డకడితే మట్టి పని సాగదు, కాంక్రీటు పోయడం కష్టం. అలాగని పనివాణ్ని ఇంటికి పంపేసి ఏప్రిల్లో రమ్మనడం ఇక్కడ కుదరదు. 2006 నుంచి 'సైజోన్ కుర్త్స్ఆర్బైటర్ గెల్డ్' అనే భృతి ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా వాతావరణం వల్లనో, ఆర్డర్లు లేకనో పని ఆగితే, కోల్పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం చేతికొస్తుంది. ఉద్యోగం అలాగే ఉంటుంది.

మనవాళ్లకు ఈ నెలలే గడవవు. పనిచేసి అలసిపోవడం మనకు బాగా తెలుసు, పని లేకుండా కూర్చోవడమే చేతకాదు. గల్ఫ్‌లో ఏళ్లు గడిపి, 2020 మార్చిలో నైపుణ్య వలసల చట్టం అమల్లోకి వచ్చాక ఇటు తిరిగిన మాలాంటి డిప్లొమా సూపర్‌వైజర్లకు ఇది మరీ ఇబ్బంది. అక్కడ మన కింద నలభై మంది. ఇక్కడ డిప్లొమాకు గుర్తింపు వచ్చి, భాష పట్టుబడేదాకా మనమే ఒకరి కింద. పాత హోదా పోయింది, కొత్తది ఇంకా రాలేదు. ఈ నడిమధ్య కాలంలో ఒక గంట ఖాళీ దొరికితే చాలు, "అన్నా, ఎక్కడైనా పనుంటే చెప్పవా" అని ఫోన్లు. రాత్రిపూట హోటల్లో గిన్నెలు, ఆదివారం భోజనం పొట్లాల డెలివరీ. ఊళ్లో అప్పు, చెల్లెలి పెళ్లి, ఇంటి స్లాబు గుర్తొస్తే ఎవరికైనా కాలు నిలవదు. మంచు పడిందని వడ్డీ ఆగదు కదా! ఆ ఒత్తిడిని మేం తేలిగ్గా తీసేయడం లేదు.

కానీ లెక్క పూర్తిగా వేయాలి. భృతి తీసుకుంటున్న నెలల్లో కొత్తగా చేరిన చిల్లర పని సంపాదన ఆ భృతి లెక్కలోకి వస్తుంది, ఆ మేరకు భృతి తగ్గుతుంది. చెప్పకుండా చేస్తే తర్వాత చిక్కులు. అంటే ఒళ్లు హూనం చేసుకున్నా మిగిలేది మనం అనుకున్నంత కాదు. ఇంకో లెక్క పైకి కనిపించదు. 2023 నవంబరు సవరణ తర్వాత నైపుణ్య ఉద్యోగికి మూడేళ్లకే స్థిర నివాస అనుమతి రావచ్చు. దానికి ముఖ్యంగా 36 నెలల పింఛను చందా ఉండాలి, బీ1 స్థాయి జర్మన్ రావాలి. చందా జీతంలోంచి దానంతటదే కోతపడుతుంది. భాష అలా రాదు. 'డెర్, డీ, డాస్' బుర్రకెక్కాలంటే బుర్రలో కాస్త చోటుండాలి. పగలు సైటు, రాత్రి గిన్నెలు అయితే ఆ చోటు ఎక్కడిది?

స్లాబు పోసిన మర్నాడే సెంట్రింగ్ విప్పే మేస్త్రి మనలో ఎవరూ ఉండరు. గోనెసంచులు తడిపి పరుస్తాం, గట్లు కట్టి నీళ్లు నిలుపుతాం. దారిన పోయేవాడికి అక్కడ ఏ పనీ జరగనట్టే ఉంటుంది. లోపల సిమెంటు గట్టిపడుతూనే ఉంటుంది. 28 రోజుల బలం చూసి గానీ కాంక్రీటుకు గ్రేడు ఇవ్వం. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేశం మారిన మర్నాడే బరువంతా ఎత్తేస్తున్నాం.

ఈ దేశం విశ్రాంతిని సోమరితనంగా చూడదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటే కొత్తగా వచ్చినవాళ్లు విసుక్కుంటారు. పెరుగు డబ్బా కోసం రైల్వే స్టేషన్ దాకా పోవాలి మరి! ఆ మూతకు పెద్ద చరిత్రే ఉంది. ఆదివారం విశ్రాంతికి 1919 నాటి వైమార్ రాజ్యాంగం రక్షణ కల్పిస్తే, 1949 రాజ్యాంగం దాన్ని అలాగే నిలుపుకుంది. బెర్లిన్‌లో క్రిస్మస్‌కు ముందు వరసగా నాలుగు ఆదివారాలూ దుకాణాలు తెరవనివ్వడం చెల్లదని 2009 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. 1963 నాటి సెలవుల చట్టమైతే, విశ్రాంతి కోసం ఇచ్చిన సెలవులో దానికి విరుద్ధంగా జీతానికి ఇంకోచోట పనిచేయొద్దంటుంది. మన ఓవర్‌టైం మేస్త్రులకు ఇది వింతగానే తోస్తుంది.

చలికాలంలో పంపే డబ్బు తగ్గుతుందని ఇంట్లోవాళ్లకు డిసెంబరులో కాదు, ఎండాకాలంలోనే చెప్పాలి. అప్పుడే నెలకు కొంత పక్కన పెడితే జనవరిలో ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. ఇక తెలుగు సంఘాలు. సంక్రాంతి సరిగ్గా ఈ ఖాళీ నెలల్లోనే వస్తుంది, హాలు ఎలాగూ అద్దెకు తీసుకుంటారు. ముగ్గుల పోటీలు జరగనీయండి, అరిసెలు పంచనీయండి. వాటితోపాటు, బీ1 పాసైనవాళ్లను నలుగురిని పిలిచి మార్చి దాకా వారానికో సాయంత్రం కొత్తవాళ్లతో జర్మన్ మాట్లాడిస్తే ఖర్చెంత? టీ ఖర్చే. పేర్లు రాసుకోవడం పండగ రోజునే మొదలుపెట్టొచ్చు.